పాల కేంద్రంలో స్వార్థం, మిర్చి యార్డులో సమానత్వం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. నాది చూసుకోవాలా, మనది చూసుకోవాలా అని. కొన్ని పేజీల కొద్దీ ఉన్నాయి, కుదించి వేస్తున్నాం. నేను ఆర్థికశాస్త్ర పండితుణ్ని కాను. సహకార శాఖలో ఆడిట్లు చేసి రిటైరై, గుంటూరు కొరిటెపాడులో కాలక్షేపం చేస్తున్నవాణ్ని. పుస్తకాలు చదువుతాను గానీ, చేతికి అలవాటైంది లెడ్జరే. జవాబుల్లో ఆ వాసన వస్తే సర్దుకోండి.

ప్రశ్న: మా తాతగారు పాత కమ్యూనిస్టు. నేను బీకాం చదివి ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే దేశం తనంతట తనే బాగుపడుతుందని ఆడమ్ స్మిత్ చెప్పాడంటే ఆయనకి కోపం వస్తుంది. స్వార్థం మీద సమాజం నిలబడదంటారు. రోజూ భోజనాల దగ్గర ఇదే రభస. ఎవరిది రైటు, ఆడిటర్ గారూ? — పటమట, విజయవాడ

బాబూ, ముందు స్మిత్ సంగతి తేల్చుకుందాం. మాంసం కొట్టువాడూ రొట్టెలు కాల్చేవాడూ మనకి తిండి పెట్టేది మన మీద ప్రేమతో కాదు, వాళ్ల లాభం కోసమేనని ఆయన 1776లో ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకంలో రాసిన మాట నిజమే. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు సరదాకి కలుసుకున్నా ఆ కబుర్లు చివరికి ధర పెంచే కుట్రలోకే దిగుతాయని రాసింది కూడా అదే పుస్తకంలో. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా అందరికీ మేలు చేయిస్తుందని అందరూ ఎత్తిచూపే ‘అదృశ్య హస్తం’ అంత లావు పుస్తకంలో కనబడేది ఒక్కసారి. అంతకు పదిహేడేళ్ల ముందు, 1759లో, ఆయన వేసిన మొదటి పుస్తకంలో సగం గోల పక్కవాడు బాధపడితే మనకెందుకు బాధేస్తుందనే. పైగా పెద్దవయసులో ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో తెలుసా? స్కాట్లండ్‌లో కస్టమ్స్ కమిషనరు. సుంకాలు వసూలు చేసే ఆఫీసు! అంచేత ఆయన్ని పూర్తిగా నీ జట్టులో వేసుకోవడానికి లేదు.

తాతగారి వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఆయన పెద్దలు చల్లపల్లి, మునగాల జమీందారీల కథలు చెప్పుకుంటూ పెరిగినవాళ్లు. జమీందారు తన లాభం తను చూసుకున్నాడు, రైతు తన లాభం తను చూసుకుందామంటే చూసుకునే వీలే లేదు. పదిమంది కూడితే తప్ప ఒక్కడి గొంతు దివాణం గడప దాటేది కాదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చిందంటే దాని వెనక అలా కూడిన జనం ఉన్నారు. ఆయన కోపానికి ఆ చరిత్ర ఉంది.

ఇప్పుడు నిన్ను నాకు తెలిసిన రెండు చోట్లకి తీసుకెళ్తాను. మొదటిది ఊళ్లో పాల కేంద్రం. సహకార సంఘం కాబట్టి తాతగారి పద్దులో జమ. తెల్లవారకముందే గేదెలవాళ్లు క్యాన్లూ బిందెలూ పట్టుకుని వరసలో ఉంటారు. ఎవరు పాలు పోసినా ముందు అందులోంచి చిన్న కప్పుతో శాంపిల్ తీస్తారు. మిషన్ కింద పెడితే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) అంకెలు తెర మీద పడతాయి. దాన్ని బట్టి లీటరు రేటు, చేతికి చీటీ. ఏడు వచ్చినావిడకి ఒక ధర, ఐదున్నర వచ్చినావిడకి ఇంకో ధర. ‘నిన్న ఆరున్నర వచ్చిందిగా, ఇవాళ ఐదూ తొమ్మిదేంటయ్యా, అదే గేదె, అదే తవుడు’ అని ఒకావిడ మిషన్ పట్టుకున్న కుర్రాణ్ని నిలదీస్తుంది. ఆవిడ వెనకాల ఉన్నవాళ్లు మెడలు చాచి ఆ అంకె చూస్తారు. ఇంత లెక్కా అయ్యాక పాలన్నీ ఒకే క్యాన్‌లోకి పోతాయి.

కలపడానికి ముందే కొలిచారు కాబట్టి కలపడానికి ఎవరికీ పేచీ లేదు. ఆ కప్పు తీసేసి ‘మనమంతా ఒకటే, లీటరుకి ఇంత’ అని చూడండి. నెల తిరక్కుండా క్యాన్‌లో నీళ్లే మిగులుతాయి. మొదట నీళ్లు కలిపేవాడు చెడ్డవాడే. రెండోవాడు మంచివాడు, కాకపోతే వెర్రివాడు అనిపించుకోవడం ఇష్టంలేనివాడు. 1946లో గుజరాత్ ఖేడా జిల్లాలో మొదలైన పాల సంఘం 1970 నుంచి ఆపరేషన్ ఫ్లడ్ పేరుతో దేశమంతా పాకడానికి కారణాలు చాలా చెబుతారు. నేనైతే ఆ కప్పుకి కూడా కొంత వాటా రాస్తాను.

రెండోది మన మిర్చి యార్డు. ఇంతకంటే పచ్చి బజారు ఇంకోటి ఉండదు. కొనేవాడు టిక్కీలోకి (మిర్చి బస్తాలోకి) చెయ్యి పెట్టి, కాయ తీసి, రంగు చూసి, గింజ గలగలలాడుతోందా లేదా అని ఊపి, మధ్యకి విరిచి తేమ చూస్తాడు. తేజ రకానికి ఒక ధర, బాడిగ రకానికి ఒక ధర, తాలుకాయకి అడిగిందే ధర. ఇంత బేరం మధ్యలో ఆ టిక్కీలు మోసే హమాలీలది మాత్రం ముఠా. రోజంతా మోసిన కూలి ఒకచోట పడుతుంది, సమంగా పంచుకుంటారు. ఎవడు ఎన్ని మోశాడని చీటీ రాయరు. తాతగారు కలగనే సమాజం గుంటూరు యార్డు షెడ్ల కింద చెమట తుడుచుకుంటోంది!

మరి కొలత లేకుండా అక్కడ ఎలా సాగుతోంది? ఒకళ్ల కళ్లెదుట ఒకళ్లు మోస్తారు. ఎవడైనా నీళ్లకని వెళ్లి అరగంట రాకపోతే ముఠా అంతటికీ తెలుసు. వయసు మళ్లినవాడు నాలుగు టిక్కీలు తక్కువ మోస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. రేపు తమకీ మోకాళ్లు పోతాయి. ఆ ఊరుకోవడంలో ప్రేమ ఎంత, ముందుచూపు ఎంత అని విడదీయడం నా ఆడిట్‌కి అందలేదు.

కాబట్టి నన్నడిగితే మనిషి స్వార్థపరుడా కాదా అని మీరిద్దరూ ఎంతసేపు వాదించినా తేలేది లేదు. ఎవరి వంతు ఎంతో, ఎవరు ఏం పట్టుకెళ్లారో మిగతావాళ్లకి కనిపిస్తోందా అని అడగాలి. నేను ఆడిట్‌కి వెళ్లిన ఒక పరపతి సంఘంలో (ఊరు చెప్పను) ఆరుగురి పేర ఆరు అప్పులున్నాయి. ఆరు బాండ్ల కింద వేలిముద్ర ఒకటే. ఆ ఆరుగురిలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు. కార్యదర్శి స్వార్థపరుడని ఊరు ఊరంతా తిట్టిపోసింది. నిజమే గానీ, సంఘం ఆఫీసు పక్కనే ఉన్న కిరాణా కొట్టతను అంతకు రెండింతలు ఆశపోతు. అతని కొట్లో తూకం తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. అతని తక్కెడ కొనేవాడి ముక్కు ముందుంది. సంఘం లెడ్జరు బీరువాలో ఉంది, తాళం కార్యదర్శి మొలలో ఉంది.

వాదన మానొద్దు, బాబూ. తాతగారి ముందు గొంతు కాస్త తగ్గించు, అంతే.

ప్రశ్న: మా వీధిలో లక్ష రూపాయల చీటీ వేస్తున్నాను. ఇది సహకారం కిందికి వస్తుందా, వ్యాపారం కిందికి వస్తుందా? — ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

రెండూనమ్మా. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, మొత్తం లక్ష అనుకోండి. కూతురి పెళ్లి దగ్గరపడ్డ ఒకాయన ఎనభై వేలకే పాట పాడేశాడు. మిగిలిన ఇరవైలో చీటీ నడిపే ఆయన కమీషను ఐదు వేలు పోతే పదిహేను వేలు. తలా ఏడువందల యాభై. ఆ నెల మీరు కట్టేది 4,250. ఆయన అవసరం తీరింది, మీ ఓపికకి వడ్డీ వచ్చింది. ఎవరూ ఎవరికీ ఉపకారం చేయలేదు, ఇరవై మందీ కలవకపోతే అసలు జరిగేదే కాదు.

నా టెన్షన్ అంతా ముందు పాడుకున్నవాళ్ల గురించి. పాడుకున్నాక మిగతా నెలలు వాళ్లు కట్టడానికి వాళ్ల స్వార్థం ఏమీ పనిచేయదు, పరువు ఒక్కటే పనిచేస్తుంది. అందుకే 1982 చీటీల చట్టం జామీను అడుగుతుంది, చీటీ రిజిస్టరు చేయమంటుంది. కమీషను ఏడు శాతం దాటకూడదని 2019 సవరణ. రిజిస్టరు కాని వీధి చీటీల్లో రాత్రికి రాత్రి ఇంటికి తాళం పడ్డ కథలు మన ఊళ్లో మీకు నేను చెప్పాలా? రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి. చూపించకపోతే మర్యాదగా తప్పుకోండి.

ప్రశ్న: ఎన్.జి. రంగా గారు జీవితమంతా రైతు ఉద్యమాల్లో ఉన్నారు కదా. సహకార సేద్యం అనగానే కాంగ్రెస్‌ని వదిలి స్వతంత్ర పార్టీ పెట్టడమేమిటి? అది భూస్వాముల పక్షం చేరడం కాదా? — ఎం.ఏ. విద్యార్థిని, నాగార్జున యూనివర్సిటీ

ఈ ప్రశ్న మన జిల్లాలో పుట్టినవాళ్లు అడగాల్సిందే. ఆయనది నిడుబ్రోలు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి, ఆ తర్వాత రైతుల్లోకి వచ్చేశారు. 1936లో లక్నోలో కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. అలాంటి మనిషి 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేయగానే అడ్డం తిరిగారు. ఆ ఏడే రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, రంగా తొలి అధ్యక్షుడు. 1967 ఎన్నికల్లో 44 లోక్‌సభ స్థానాలతో ప్రతిపక్షాల్లోకెల్లా పెద్ద పార్టీ అదే. తర్వాత పార్టీ చితికింది, ఆయన తిరిగి కాంగ్రెస్‌కే వెళ్లారు.

మీ అనుమానం కొట్టిపారేసేది కాదమ్మా. ఆ పార్టీలో మాజీ సంస్థానాధీశులున్నారు, పెద్ద వ్యాపారులున్నారు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఆ పార్టీ ఎంపీయే. సెంటు భూమి లేని కూలీ ఆ మేనిఫెస్టోలో తన కోసం వెతుక్కుంటే పెద్దగా దొరికేదేమీ లేదు.

అయినా నాగపూర్ తీర్మానంలో ఒక చిక్కుంది, అది భూస్వామిదీ కాదు కూలీదీ కాదు. గట్లు తీసేసి అందరి భూమీ కలిపి దున్నాలి. హక్కు పత్రం రైతు పేరే ఉంటుంది. పండినదాంట్లో భూమి ఇచ్చినందుకు భూమిని బట్టి, పని చేసినందుకు పనిని బట్టి వాటా. భూమికి సరే, గొలుసు పట్టుకొచ్చి కొలుస్తారు. పనిని ఏం పెట్టి కొలుస్తారు? పాలకి కప్పుంది, కలుపుకి లేదు. చేలో గడ్డి వేరుతో లాగారా, పైన తుంచి పారేశారా అన్నది వారం తర్వాత మళ్లీ మొలిస్తేనే తెలుస్తుంది. అప్పటికి ఏ సాలులో ఎవరున్నారో ఎవరికి గుర్తు? మిరపకి పురుగు కనబడ్డ రోజు దీపాలు పెట్టే వేళైనా మందు డబ్బా వీపున వేసుకునే మనిషి వేరు, ‘రేపు మీటింగులో చెబుదాంలే’ అనే మనిషి వేరు. ఇద్దరూ ఒకే మనిషి కావచ్చు, చేను ఎవరిదన్నదే తేడా.

చైనాలో 1958 నుంచి కమ్యూన్లు పెట్టి, పనికి పాయింట్లు రాసి చూశారు. 1978 చివర్లో అన్హుయి రాష్ట్రం షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు ఒక రాత్రి రహస్యంగా కూర్చుని, కమ్యూను పొలాన్ని ఇంటింటికీ పంచుకుంటూ కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. పట్టుబడి ఎవరైనా జైలుకి పోతే వాళ్ల పిల్లల్ని పద్దెనిమిదేళ్లు నిండేదాకా మిగతావాళ్లు సాకాలని కూడా అందులో రాసుకున్నారు. విడివిడిగా సేద్యం చేసుకోవడం కోసం వాళ్లు ఎంత కలిసికట్టుగా నిలబడ్డారో చూడండి! కొన్నేళ్లలో దేశమంతా అదే పద్ధతి అయింది. మీ థీసిస్‌లో రంగా గారి పక్కన ఆ కాగితానికి చోటివ్వండి. రాజాజీ ఉపన్యాసాలకంటే అదే ఆయన పక్షాన గట్టిగా మాట్లాడుతుంది.

ప్రశ్న: మాది కాలువ చివరి ఊరు. పైవాళ్లు మోటార్లు పెట్టి తోడేస్తారు. మాకు తడి అందేసరికి నారు ముదిరిపోతుంది. నీటి సంఘం ఉంది, ప్రెసిడెంటు ఉన్నాడు, నీళ్లు లేవు. మనుషులు మారకుండా సంఘాలెందుకండీ? — రేపల్లె దగ్గర నుంచి ఒక రైతు

మనుషులు మారేదాకా ఆగితే మీ నారు కాదు, మీ మనవడి నారు కూడా ముదిరిపోతుంది.

గారెట్ హార్డిన్ అనే ఆయన 1968లో రాశాడు, ఉమ్మడి పచ్చిక బీడులో ప్రతివాడూ ఇంకో పశువుని తోలతాడు, చివరికి బీడే ఉండదని. మందు రెండే అన్నాడు: సర్కారు పెత్తనమైనా ఉండాలి, సొంత ఆస్తిగానైనా పంచేయాలి. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ ఊరికే ఒప్పుకోలేదు. స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ కాలువల మీద నీళ్లెలా పంచుకుంటున్నారో ఆరా తీసి 1990లో పుస్తకం వేసింది. రైతులే నడుపుకునే కాలువలు వందల ఏళ్లుగా బతికే ఉన్నాయని చూపించింది. 2009లో ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే.

ఆవిడ తర్వాత చెప్పిన నేపాల్ కాలువల సంగతి మీకు బాగా పనికొస్తుంది. అక్కడ రాళ్లూ కొమ్మలతో కట్టిన అడ్డుకట్టలు ఏటా వరదకి కొట్టుకుపోతాయి. మళ్లీ కట్టాలంటే పైవాళ్ల చేతులే చాలవు, కింది ఊళ్లవాళ్లు కూడా రావాలి. అందుకని నీళ్లలో వాళ్ల వంతు వాళ్లకి వెళ్లేది. కొన్నిచోట్ల సర్కారు వచ్చి పక్కా కట్టడం కట్టి పెట్టింది. ఇక పైవాళ్లకి కిందివాళ్లతో అవసరం లేకపోయింది, చివరి పొలాలు ఎండాయి. మన కృష్ణకి 1855లోనే ఆనకట్ట పడింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అవి లేకపోతే డెల్టాయే లేదు, కాదనను. కానీ పైవాడికి మీతో పనిలేని ఏర్పాటు మనకి పుట్టుకతోనే ఉంది. 1997 చట్టం కింద అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పది వేలకు పైగా నీటి సంఘాలు పెట్టారు. ఎన్నికలైతే జరిగాయి గానీ, ఈ అవసరం మాత్రం ఎన్నికతో పుట్టదు.

పుట్టించాలి. మీ ఎగువ ఊరి మురుగు ఎటు పోతుంది? మీ మీదుగానే కదా! మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే అక్టోబరు వానలకి వాళ్ల చేలో కూడా నీళ్లు నిలబడతాయి. తూముల వంతులూ, డెక్క తీసే ఖర్చూ ఒకే కాగితం మీద రాసుకుని కూర్చోండి. కాలువ మీద తిరిగే మనిషికి జీతం రెండు ఊళ్లూ చెరిసగం ఇవ్వండి. ఒక్క ఊరే ఇస్తే అతను ఆ ఊరి మనిషే అవుతాడు. వంతు తప్పినవాడికి మొదటిసారి మాట, రెండోసారి చిన్న జరిమానా. తొలి తప్పుకే పోలీసు కేసన్నారంటే మూడోరోజు కర్రలు లేస్తాయి. దండన చిన్నగా మొదలై పెరగాలని ఆస్ట్రమ్ కూడా అదే చెప్పింది, కర్రల మాట మాత్రం నాదే.

ప్రశ్న: రాజధాని పూలింగ్‌కి భూమి ఇచ్చాం. ఎవరు మైకు పట్టుకున్నా ‘త్యాగధనులు’ అంటున్నారు. వినీ వినీ విసుగొచ్చింది. మేం చేసింది త్యాగమా, బేరమా? — తుళ్లూరు మండలం నుంచి

పార్టీల జోలికి పోకుండా కాగితం వరకే చెబుతాను. 2015లో 33 వేల ఎకరాలకు పైగా వచ్చిన ఆ పూలింగ్‌లో రైతు ఇచ్చిన జరీబు (నీటి వసతి ఉన్న) ఎకరానికి తిరిగి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. మెట్టకి వెయ్యీ, 250. కౌలు కింద జరీబుకి ఏడాదికి 50 వేలు, మెట్టకి 30 వేలు, ఏటా పది శాతం పెంపు, పదేళ్లు. ఇన్ని అంకెలున్నది ఒప్పందమండీ. మీకు రావలసింది వసూలు చేసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

పూలింగ్‌లో తెలివి కూడా ఉంది. విడివిడిగా కొంటూ పోతే రోడ్డుకి అడ్డంగా మిగిలిన ఆఖరి ఎకరం ఆయన ఎంత అడిగితే అంత ఇవ్వాలి. అందరికీ పెరిగే విలువలో వాటా అంటే ఆఖరివాడుగా మిగిలే ఆశ తగ్గుతుంది. చిక్కల్లా అవతలి సంతకం ప్రభుత్వానిది కావడం. 2019లో ప్రభుత్వం మారాక పనులు ఆగాయి, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024లో మళ్లీ మార్పు. ఇరవై మంది చీటీలో ఒకడు ఎగ్గొడితే పందొమ్మిది మంది ఇంటి ముందు కూర్చుంటారు. ప్రభుత్వం ఇంటి ముందు కూర్చోవడం ఎంత కష్టమో మీ ఊళ్ల ఆడవాళ్లకి తెలిసినంత నాకు తెలియదు.

ఒక్క మాట మాత్రం అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ భూమి కౌలుకి చేసిన రైతుకీ, అందులో కలుపు తీసిన కూలీకీ ఈ లెక్కలో గజం స్థలం లేదు. భూమి లేని కుటుంబాలకి మొదట ఇచ్చింది నెలకి 2,500 పింఛను. విలువ పెరిగితే మీ వాటా పెరుగుతుంది, వాళ్లది జీవో మారితేనే పెరుగుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు మెయింటెనెన్స్ కట్టరు. మొదటి అంతస్తు ఆయన ‘నేను లిఫ్టు ఎక్కను, ఎందుకు కట్టాలి’ అంటాడు. ఏం చేయమంటారు? — అసోసియేషన్ సెక్రటరీ, మొగల్రాజపురం, విజయవాడ

మాన్‌కర్ ఓల్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1965లోనే మీ బాధ రాశాడు. గుంపు పెద్దదైన కొద్దీ, నేనొక్కణ్నీ కట్టకపోతే ఏమైంది అనేవాళ్లు పెరుగుతారని. మీది ఎన్ని ఫ్లాట్లో రాయలేదు. ఇరవై లోపైతే ఇంకా ఆశ ఉంది.

బాకీదారుల పేర్లు లిఫ్టు పక్కన అంటిద్దామని మీకు చెయ్యి దురద పెడుతూ ఉంటుంది. ఆగండి. ముందు మీ ఖర్చులు అంటించండి. వాచ్‌మన్ జీతం, ట్యాంకరు బిల్లు, మోటారు రిపేరు, వోచర్లతో సహా. సెక్రటరీ లెక్క కనబడిన తర్వాతే బాకీ లెక్క అడిగే హక్కు. ఇక లిఫ్టు ఎక్కని ఆయన మాటలో న్యాయం ఉంది. లిఫ్టుకి సబ్‌మీటరు పెట్టించి ఆ కరెంటూ, సర్వీసింగూ విడగొట్టేయండి. ట్యాంకులోకి నీళ్లెక్కించే మోటారు, వాచ్‌మన్, మెట్ల లైట్లు మాత్రం అందరివీ. ఆయన వాటా తగ్గించిన కాగితం మీరే స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి, మెట్లెక్కి. తర్వాత ఎప్పుడైనా ఆయన అత్తగారు మోకాళ్ల నొప్పులతో వచ్చి, మేడ మీద వడియాలు పెట్టడానికి లిఫ్టెక్కితే నాకు ఇంకో ఉత్తరం రాయండి.